నీళ్లు కలవని సున్నిపిండికి ప్లాస్టిక్ సీసా ఎందుకు?

ఏదైనా లోషన్ సీసా తిప్పి వెనక లేబుల్ చూడండి. ఏది ఎక్కువుంటే దాన్ని ముందు రాస్తారు. ఆ వరుసలో మొదట కనిపించేది దాదాపు ఎప్పుడూ ‘ఆక్వా’. అంటే నీళ్లే. మామూలు లోషన్‌లో సగానికి పైగా అవే. నీళ్లున్నచోట బూజూ బ్యాక్టీరియా చేరతాయి కాబట్టి ప్రిజర్వేటివ్ వెయ్యాలి. నూనె, నీళ్లు విడిపోకుండా ఎమల్సిఫయర్ వెయ్యాలి. ఇదంతా కారకుండా ఊళ్లు దాటాలంటే ప్లాస్టిక్ సీసా, దానికో పంపు మూత. ఆ మూతలో రెండు మూడు రకాల ప్లాస్టిక్కుతో పాటు లోపల ఓ స్ప్రింగు కూడా ఉంటుంది. పాత సామాన్ల వాడు దాన్ని విడదీసుకుంటూ కూర్చోడు.

అందుకే ఇంట్లో చేసుకుందాం అనుకున్నవాళ్లు ముందు పక్కన పెట్టాల్సింది నీళ్లని. పొడి, నూనె, మైనం, ఈ మూడూ నీటి చెమ్మ తగలనంత కాలం స్టీలు డబ్బాలోనో గాజు సీసాలోనో నెలల తరబడి నిలుస్తాయి. నీళ్లు వాడే క్షణంలో కలుపుకుంటే చాలు. మన అమ్మమ్మల సున్నిపిండి లెక్క అదే. మార్కెట్లో ‘సహజమైనది’ అని రాసి పచ్చటి ఆకు బొమ్మ వేసిన సీసాల కంటే ఈ లెక్క మీద నాకు నమ్మకం ఎక్కువ.

సున్నిపిండి, ఒక కిలోకి

పొట్టుతో ఉన్న పెసలు 500 గ్రాములు, పచ్చి శనగపప్పు 250, బియ్యం 100, ఎండిన గులాబీ రేకులు 50, ఎండబెట్టిన కమలా తొక్క 50, కస్తూరి పసుపు 25, వట్టివేళ్లు 25. బియ్యం ఇంతకు మించనివ్వకండి. మెత్తగా నలగని బియ్యపు రవ్వ చర్మాన్ని గీకుతుంది. కస్తూరి పసుపు దొరక్కపోతే మామూలు పసుపు ఒక చెంచా వేస్తే సరిపోతుంది. అంతకంటే ఎక్కువైతే ముఖంతో పాటు తువ్వాలూ పచ్చబడుతుంది. పసుపు పొడిగా కాకుండా కొమ్ములుగానే కొనండి. పొడిలో రంగు కల్తీ జరిగితే కంటికి తెలియదు. కొమ్ముల్ని కూడా రుద్ది చూడండి, వేలికి మరీ మెరిసే పసుపు అంటుకుంటే పైన రంగు పూసినట్టే.

చాలామంది చెప్పే జాబితాలో బావంచాలు ఉంటాయి. వాటిని నేను వేయమనను. బావంచాల్లో సోరలెన్ అనే పదార్థం ఉంది. అది చర్మానికి పట్టి, ఆపైన ఎండ తగిలితే చర్మం కమిలి నల్లమచ్చలు పడొచ్చు. బొల్లికి చేసే కాంతి చికిత్సలో వాడేది సరిగ్గా ఈ గుణాన్నే, అదీ డాక్టరు మోతాదు చూసి. నలుగు పెట్టుకుని స్కూటర్ మీద ఆఫీసుకి వెళ్లేవాళ్లకి దాని అవసరం లేదు. నిమ్మ తొక్క కూడా అందుకే వద్దు. కమలా తొక్కతో ఆ ఇబ్బంది తక్కువే గానీ, చర్మం మరీ సున్నితమైతే దాన్నీ మానేసి ఆ మేరకు పెసలు పెంచండి.

ఎండబెట్టడంలోనే సగం పని ఉంది. ఆవకాయకి లాగే దీనికీ ఎండాకాలమే అదును. ఏడాదికి సరిపడా ఏప్రిల్, మే నెలల్లో చేసి పెట్టుకోవచ్చు. కమలా తొక్కని వేడినీళ్లతో కడిగి, లోపలి తెల్లటి పీచు గోకేసి, మూడు నాలుగు రోజులు ఎండనివ్వాలి. వంచితే టక్కున విరగాలి. వంగిందంటే లోపల ఇంకా తడి ఉంది, అది డబ్బా మొత్తానికి బూజు పట్టిస్తుంది. పెసలు, పప్పు, బియ్యం కడిగితే మళ్లీ రెండు ఎండలు పడతాయి. కడగకుండా చెరిగి, పొడిగుడ్డతో తుడిచి ఒక్కరోజు ఎండలో వేస్తే చాలు. వట్టివేళ్లని కత్తెరతో అరంగుళం ముక్కలుగా కత్తిరించండి. పొడుగ్గా వదిలేస్తే మిక్సీ బ్లేడుకి జడలా చుట్టుకుంటాయి, మర వాళ్లయితే చీవాట్లు పెడతారు.

ఇక మర సంగతి. మీ ముందు ఎవరో కారం పట్టించుకుని వెళ్లుంటే, ఆ సున్నిపిండి రాసుకున్న రోజు తెలుస్తుంది. కారానికి వేరే మర ఉందో లేదో అడగండి. లేకపోతే పొద్దున్నే, బియ్యప్పిండో శనగపిండో ఆడిన వెంటనే మీది వేయించుకోండి. ముందు గుప్పెడు బియ్యం ఆడించి ఆ పిండి పారేస్తే ఇంకా మంచిది. మర నుంచి వచ్చిన పిండి చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుంది. దాన్ని అలాగే డబ్బాలో పోసి మూత బిగిస్తే లోపల ఆవిరి పట్టి, మూత అడుగున చెమటలా నిలిచి, నాలుగు రోజుల్లో పిండి గడ్డలు కడుతుంది, పురుగు కూడా త్వరగా పడుతుంది. ఇంటికి రాగానే నూలుగుడ్డ మీద పల్చగా పరిచి పూర్తిగా చల్లారనివ్వండి.

తర్వాత వస్త్రగాళితం. జల్లెడ సరిపోదు. ఉతికి ఆరేసిన పాత మల్లు పంచె ముక్కని వెడల్పాటి గిన్నె మూతికి కాస్త వదులుగా కట్టి, పిండి గరిటెడు చొప్పున వేస్తూ అరచేత్తో గుండ్రంగా తిప్పండి. కిందికి దిగే పిండి టాల్కం పౌడర్ అంత మెత్తగా ఉంటుంది. గుడ్డ మీద మిగిలిన ముతక పిండి పారెయ్యక్కర్లేదు, మడమలకీ మోచేతులకీ పనికొస్తుంది, ముఖానికి మాత్రం కాదు. డబ్బాలో నాలుగు ఎండు వేపాకు రెమ్మలు వేసి మూత పెట్టండి. రోజువారీ వాడకానికి చిన్న డబ్బాలోకి వారానికి సరిపడా తీసుకోండి. స్నానాలగదిలో పెద్ద డబ్బా పెట్టి తడిచేత్తో తీసేవాళ్ల పిండి ఆర్నెల్లు నిలవదు, ఆరు వారాలు కూడా నిలవదు. ముక్కిన వాసన వచ్చినా, రంగు మారిన గడ్డ కనిపించినా ఆ గడ్డొక్కటీ తీసేయకుండా మొత్తం పారబోయండి.

వాడే పద్ధతి తెలియకపోతే ఇంత కష్టమూ దండగే. సున్నిపిండి సబ్బులా నురగతో పని చేయదు, నూనెను పీల్చుకుంటుంది. అందుకే ముందు నువ్వుల నూనె పట్టించి పావుగంట, ఇరవై నిమిషాలు ఆగాలి. ఒంటికి నాలుగైదు పెద్ద చెంచాల పిండిని బజ్జీల పిండి కంటే కాస్త గట్టిగా కలిపి రుద్దితే, అది నూనెనీ మురికినీ పట్టుకుని సన్న వత్తుల్లా ఊడి రాలుతుంది. నూనె లేకుండా పొడి చర్మం మీద రుద్దితే మంట, దురద తప్పవు. తర్వాత ‘నాకు సున్నిపిండి పడదు’ అనేవాళ్లలో చాలామంది చేసిన పొరపాటు ఇదే. ముఖానికి చెంచాడు పిండి చాలు. జిడ్డు చర్మమైతే నీళ్లతో, పొడిబారేదైతే పాలతో కలిపి, రుద్దకుండా రాసి, ఆరకముందే కడిగేయండి. మొటిమలు చీము పట్టి ఉన్నప్పుడు దీని జోలికి వెళ్లొద్దు. ఎగ్జిమా ఉన్న పసిపిల్లలకీ వద్దు.

నూనె, పిండి కలిసిన నేల జారుతుంది, జాగ్రత్త. తూము మీద స్టీలు జాలీ ఒకటి పెట్టుకోండి, లేకపోతే పిండి పైపులో ముద్దకడుతుంది. ఒళ్లు రుద్దుకోవడానికి ప్లాస్టిక్ వల బదులు ఎండిన బీరపీచు ఉంది కదా. స్నానం కాగానే నీళ్లు పిండేసి ఎండలో వేలాడదీస్తే అది నెలా రెండు నెలలు వస్తుంది. తడిగా మూలన పడేస్తే వారానికే కంపు కొడుతుంది.

మైనం లేపనం

మాయిశ్చరైజర్ స్థానంలో ఇది. నువ్వుల నూనె 60 గ్రాములు, కొబ్బరి నూనె 20, తేనెమైనం 20. అంటే ఒక పాలు మైనానికి నాలుగు పాళ్లు నూనె, తూకంలో. చెంచాలతో కొలవకండి, తురిమిన మైనం ఒక్కోసారి ఒక్కోలా పడుతుంది. వంటింట్లో వాడే చిన్న డిజిటల్ త్రాసు చాలు. ఎండాకాలానికి మైనం 25 చేసి నువ్వుల నూనె 55కి తగ్గించండి. కొబ్బరి నూనె 25 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది కాబట్టి మే నెలలో విజయవాడలో లేపనాన్ని గట్టిగా నిలబెట్టేది మైనమే. చలికాలం ఆదిలాబాద్‌లో అదే కొబ్బరి నూనె మరీ బిగుసుకుపోతుంది, అప్పుడు పది గ్రాములు చాలు, తగ్గించినంత నువ్వుల నూనె వేసుకోండి.

గానుగ దగ్గరికి సొంత స్టీలు క్యాను తీసుకెళితే నూనెకి ప్లాస్టిక్ డబ్బా తప్పుతుంది. వేయించిన నువ్వుల నూనె కాకుండా పచ్చి నువ్వులది అడగండి, లేకపోతే ఒళ్లంతా తాలింపు వాసన వేస్తుంది. తేనెమైనం తేనె అమ్మేవాళ్ల దగ్గరా, ఖాదీ దుకాణాల్లోనూ అడిగి చూడండి. కొవ్వొత్తుల్లో వాడే పారఫిన్ మైనం కల్తీ ఎక్కువ. చిన్న ముక్క వేళ్ల మధ్య నలపండి: అసలు మైనం చేతి వేడికి మెత్తబడి, కాస్త బంకగా సాగుతుంది, తేనె వాసన వస్తుంది. పారఫిన్ జిడ్డుగా జారుతూ పొడిపొడిగా విరుగుతుంది, కొవ్వొత్తి వాసన తప్ప వేరే వాసన ఉండదు.

గిన్నెలో నీళ్లు మరిగించి, అందులో చిన్న స్టీలు గిన్నె నిలబెట్టి ముందు మైనం, సగం నూనె వేయండి. మైనం 62 నుంచి 65 డిగ్రీల మధ్య కరుగుతుంది. నేరుగా మంట మీద పెడితే అడుగు మాడి వాసన పాడవుతుంది, వేడెక్కిన మైనానికి మంట అంటుకునే ప్రమాదమూ ఉంది. కరిగాక మిగతా నూనె కలపండి. సీసాలో పోసేముందు ఒక చెంచా మీద నాలుగు చుక్కలు వేసి రెండు నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి వేలితో తాకండి. గట్టిగా ఉంటే నూనె, జారుతుంటే కాస్త మైనం. సీసాలో గడ్డకట్టాక మార్చాలంటే మళ్లీ మొదట్నుంచి కరిగించాలి. దించాక విటమిన్ ఈ 400 మిల్లీగ్రాముల గుళికలు రెండు చిదిమి కలపొచ్చు. అది నూనె పాతబడి ముక్కిన వాసన రావడాన్ని ఆలస్యం చేస్తుందే తప్ప బూజుని ఆపదు. ఆ రెండింటినీ ఒకటే అనుకుని, రోజ్ వాటర్ కలిపిన క్రీములో విటమిన్ ఈ వేసి ‘ప్రిజర్వేటివ్ వేశాం’ అనేవాళ్లు చాలామంది కనిపిస్తారు.

సీసాలు పూర్తిగా ఆరాలి. అడుగున నిలిచిన ఒక్క చుక్క నీరు చాలు, అక్కడ తెల్లటి మచ్చలా మొదలై బూజవుతుంది. పోసేముందు సీసాని ఎండలో వెచ్చబెట్టండి, చల్లటి గాజుకి తగిలిన మైనం పలుకులు పలుకులుగా గడ్డకడుతుంది. పాత హార్లిక్స్ సీసాలు, జాం సీసాలు బాగా పనికొస్తాయి. ఆవకాయ సీసా మాత్రం వద్దు, గాజు కడుగుడు పడుతుంది గానీ మూతలోని వాసన చావదు. ఆ లోహపు మూతల లోపలి పూత కూడా ప్లాస్టిక్ జాతిదే, దాన్ని మాత్రం తప్పించలేం.

స్నానం చేసి ఒళ్లు తుడుచుకున్నాక ఇంకా చెమ్మ ఉండగానే శనగగింజంత తీసి అరచేతుల్లో కరిగించి రాయండి. ఇందులో నీళ్లు లేవు, ఒంటి మీద ఉన్న తడిని పట్టి ఉంచడమే దీని పని. ఎండిన చర్మం మీద రాస్తే జిడ్డుగా పైనే కూర్చుంటుంది. మొటిమలొచ్చే ముఖానికి కొబ్బరి నూనె పడదు, లేపనం చేతులకీ కాళ్లకీ పెదాలకీ సరిపెట్టుకోండి.

మందార, కరివేపాకు లాంటివి వేసి నూనె కాచాలనుకుంటే పచ్చి ఆకులోని నీరే సమస్య. సన్నమంట మీద కాస్తుంటే నూనె చిటపటలాడుతుంది, అది నీరు ఆవిరవుతున్న శబ్దం. చిటపట పూర్తిగా ఆగి, ఆకు చేత్తో నలిపితే గలగలలాడే దాకా దించొద్దు. అనుమానముంటే పాత వైద్యుల పరీక్ష ఉంది: వత్తిని ఆ నూనెలో ముంచి వెలిగించండి. చిటచిటమంటే ఇంకా తడి ఉన్నట్టు.

కుంకుళ్లు, కలబంద

ఈ రెంటిలో నీళ్లు తప్పవు, కాబట్టి ఏ పూటకాపూట చేసుకోవాలి. పొడుగు జుట్టుకి పది పన్నెండు కుంకుడుకాయలు కొట్టి నల్ల గింజలు తీసేసి, రెండు గ్లాసుల వేడినీళ్లలో రాత్రి నానబెట్టి, పొద్దున పిసికి వడగట్టండి. గింజతో మిక్సీలో వేస్తే బ్లేడు పోతుంది. రసం బయట రెండోరోజుకే పులుస్తుంది. మిగిలితే స్టీలు ట్రేలో గడ్డకట్టించి పెట్టుకోవచ్చు. కాయలు గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో అడగండి, నిగనిగలాడే జిగురు తోలు ఉన్నవి ఏరుకోండి.

కలబంద మట్ట కోయగానే పావుగంట నిలువుగా ఆనించి పెట్టండి. కారే పసుపుపచ్చ జిగురు దురద పుట్టిస్తుంది. అది పోయాక కడిగి, తోలు తీసి, లోపలి గుజ్జు వాడండి. ఫ్రిజ్‌లో మూడు రోజులకు మించొద్దు.

ఏది కొత్తగా మొదలుపెట్టినా మోచేతి మడతలో రాసి ఒక రోజంతా చూడండి. నిమ్మరసం, వంటసోడా ముఖానికి రాయకండి. ఒకటి చర్మం ఓర్చుకోలేనంత పులుపు, రెండోది అటువైపు క్షారం. ఇంట్లో సన్‌స్క్రీన్ చేసుకోవడమూ వద్దు. కొబ్బరి నూనె ఎండని ఆపదు. సన్‌స్క్రీన్లలో వాడే జింక్ ఆక్సైడ్ పొడి కొని లేపనంలో కలిపినా, చేత్తో కలిపితే అది ఒకచోట గడ్డగా, ఒకచోట అసలు లేకుండా ఉంటుంది. ఆ లేనిచోట చర్మం కాలుతుంది. ఇది ఒక్కటి దుకాణంలో కొనండి, ప్లాస్టిక్ ట్యూబులో వచ్చినా సరే. గొడుగు, పొడుగు చేతుల నూలు చొక్కా వాడితే ఆ ట్యూబు రెట్టింపు రోజులొస్తుంది.

మైనం కరిగించిన గిన్నెని సింకులో కడగొద్దు, పైపులో గడ్డకడుతుంది. వేడిగా ఉండగానే పాత న్యూస్‌పేపరుతో తుడిచేసి, ఆ గిన్నెని దీనికే కేటాయించండి.