సీఎఫ్ఎల్ బల్బుల కింద మిరప: అంతా అంగుళాల్లోనే

ఇంట్లో సీఎఫ్ఎల్ బల్బుల (మెలిక ట్యూబు ఉండే చిన్న ఫ్లోరోసెంట్ బల్బుల) కింద మొదటిసారి మిరప పెంచేవాళ్లలో చాలామంది చేసే తప్పు ఒకటే. బల్బును గదికి పెట్టినట్టు మొక్కకు పెడతారు. అడుగున్నర ఎత్తున వేలాడదీసి, గది మూలమూలా వెలిగిపోతుంటే ఇక మొక్కకు లోటేముంది అనుకుంటారు. పది రోజులు తిరిగేసరికి నారు పాలిపోయి, దారప్పోగులా సాగి, పక్కకు వాలిపోతుంది. ఈ విషయంలో మన కంటిని నమ్మకూడదు. వెలుతురు పదోవంతుకు పడిపోయినా కంటిపాప పెద్దదై సర్దుకుంటుంది, మనకు అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఆకుకు అలా సర్దుకునే వీలు లేదు.

దూరం రెట్టింపయితే వెలుతురు సగం కాదు, దాదాపు నాలుగోవంతు అవుతుంది. మరీ దగ్గర్లో బల్బు పొడవు వల్ల ఈ లెక్క కాస్త అటూ ఇటూ అవుతుంది గానీ, 8 సెంటీమీటర్ల దగ్గర ఉన్న వెలుతురు 30 సెంటీమీటర్లకు వచ్చేసరికి నామమాత్రంగా మిగులుతుందన్నది మాత్రం ఖాయం. 23 వాట్ల బల్బుకు, మొక్క కొసకు మధ్య 5 నుంచి 8 సెంటీమీటర్లు, అంటే రెండు మూడు అంగుళాలే ఉండాలి. ట్యూబు తాకితే ఆకు మాడుతుంది, కాబట్టి అంతకన్నా దగ్గరకు తేవద్దు. అనుమానం వస్తే కొస ఆకు ఎత్తున అరచేతి వెనకభాగం పెట్టి అరనిమిషం ఉంచండి. చెయ్యి గోరువెచ్చగా ఉంటే సరే, చురుక్కుమంటే ఒక అంగుళం పైకి లేపండి.

కొత్తగా డబ్బు పెట్టి కొనేవాళ్లు ఎల్ఈడీ కొనుక్కోవడమే మేలు, ఇందులో వాదన లేదు. సీఎఫ్ఎల్ ఒక వాటుకు 60-65 ల్యూమెన్లు (బల్బు ఇచ్చే మొత్తం వెలుతురుకు కొలమానం) ఇస్తే మంచి ఎల్ఈడీ 100 దాటిస్తుంది. ఇంట్లో సీఎఫ్ఎల్‌లు మూలన పడి ఉన్నవాళ్లకు, నాలుగు హోల్డర్లతో పని మొదలుపెట్టి చూద్దామనుకునేవాళ్లకు ఈ పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. వేడి తక్కువ కాబట్టి లేత నారుకు ఇబ్బంది ఉండదు. పొట్టిగా, గుబురుగా పెరిగే మిరప రకాలు దీనికి బాగా సరిపోతాయి. నడుము దాటి పెరిగే రకాలను పెట్టకండి. వెలుతురు మొక్క పైన కొన్ని అంగుళాల వరకే గట్టిగా పనిచేస్తుంది, కింది ఆకులు ఊరికే నీడలో ఉండి రాలిపోతాయి.

బల్బు ఎంచుకునేటప్పుడు పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండే ‘100 వాట్లకు సమానం’ అన్న మాటను పట్టించుకోవద్దు. అది పాతకాలపు ఫిలమెంట్ బల్బుతో పోలిక. చిన్న అక్షరాల్లో ఉండే అసలు వాట్లు, ల్యూమెన్లు చూడండి. 23 వాట్ల బల్బు 1,500 ల్యూమెన్ల దరిదాపుల్లో ఇస్తుంది. రంగు విషయంలో 6,500 కెల్విన్ అని రాసి ఉన్న తెల్లని బల్బులు నారుకు మంచివి, నీలం పాలు ఎక్కువ కాబట్టి కాండం పొట్టిగా గట్టిపడుతుంది. పూత దశలో సగం బల్బులు 2,700 కెల్విన్ పసుపు రకానికి మార్చుకోవచ్చు. మార్చకపోయినా కొంప మునగదు. రంగు గురించి పడే తపనలో సగం దూరం మీద పెడితే దిగుబడి పెరుగుతుంది.

ఎన్ని బల్బులు కావాలన్నది లెక్కేసి చూద్దాం. 45 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు ఉన్న చోటంటే సుమారు 0.2 చదరపు మీటరు. 23 వాట్లవి ఆరు బల్బులు పెడితే 9,000 ల్యూమెన్లు. పక్కలకు పోయేది, వెనక్కి పోయేది తీసేస్తే సగం ఆకుల మీద పడిందనుకుందాం: 4,500ను 0.2తో భాగిస్తే 22,500 లక్స్, అంటే చదరపు మీటరు మీద పడే ల్యూమెన్లు. తెల్లని ఫ్లోరోసెంట్ వెలుతురుకు లక్స్‌ను 74తో భాగిస్తే మొక్క వాడుకునే కాంతి సెకనుకు, చదరపు మీటరుకు ఇన్ని మైక్రోమోల్స్ అని వస్తుంది, ఇక్కడ 300 చిల్లర. రోజుకు 16 గంటలు వెలిగిస్తే 17 మోల్స్ పైచిలుకు. మిరప కాపుకు ఇది రాజభోగం కాదు, అలాగని పస్తూ కాదు. నారు దశలో ఇందులో సగం చాలు, అంటే చిన్న ట్రేకు రెండు బల్బులు సరిపోతాయి. ఫోన్‌లో లక్స్ కొలిచే యాప్ ఉంటే బల్బు కింద, అంచుల్లో, మూలల్లో కొలిచి చూడండి. అంకె కచ్చితంగా ఉండదు గానీ ఏ మూల ఎంత తక్కువో తెలిసిపోతుంది. ఆరు బల్బులు 16 గంటలు వెలిగితే రోజుకు 2.2 యూనిట్ల కరెంటు, నెలకు 66 యూనిట్లు. ఇదీ ముందే తెలుసుకుని దిగడం మంచిది.

బల్బును నిలువుగా వేలాడదీస్తే వెలుతురులో చాలా భాగం పక్కలకే పోతుంది, ఎందుకంటే మెలిక ట్యూబు వెలుగు చిమ్మేది దాని పక్కలనుంచి. కొన వైపు నుంచి కిందికి వచ్చేది తక్కువ. అందుకే అడ్డంగా పడుకోబెట్టాలి. ఒక చెక్కకు మూడు హోల్డర్లు ఒకవైపు, మూడు ఎదురుగా బిగించి, బల్బులు మధ్యలోకి చూసేలా పెట్టి, పైన తెల్లరంగు వేసిన అట్ట గానీ రేకు గానీ కప్పితే పైకి పోయే వెలుతురు కిందికి తిరుగుతుంది. చుట్టూ గోడలకు కూడా మెరుపు లేని తెల్లరంగే మేలు. వంటింటి అల్యూమినియం రేకు మడతలు పడి అక్కడక్కడ వెలుగు చుక్కలు వేస్తుంది, శుభ్రం చేయడమూ కష్టం. చెక్కను రెండు గొలుసులకు కొక్కేలతో వేలాడదీయండి. మొక్క పెరిగినకొద్దీ ఒక్కో లంకె పైకి మారుస్తూ పోవచ్చు. తాడయితే ముడి విప్పి కట్టడానికి బద్ధకించి వదిలేస్తాం, ఆ వదిలేసిన నాలుగు రోజుల్లోనే కొస ట్యూబును తాకుతుంది.

బల్బు అడుగున ఉండే ప్లాస్టిక్ భాగంలోనే బల్లాస్టు, అంటే ట్యూబుకు వెళ్లే కరెంటును అదుపు చేసే సర్క్యూట్ ఉంటుంది, సీఎఫ్ఎల్ ఎక్కువగా చచ్చేది ఆ భాగం వేడెక్కడం వల్లే. మూసేసిన పెట్టెలో పెట్టి గాలి ఆడకుండా చేస్తే బల్బు ఆయుష్షు బాగా తగ్గుతుంది. కంప్యూటర్లలో వాడే 12 వోల్టుల చిన్న ఫ్యాన్ ఒకటి ఆకులు సన్నగా కదిలేలా తిప్పితే బల్బులకూ మంచిది, కాండం గట్టిపడడానికీ మంచిది. వైర్ల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ప్లగ్గులోకి వెళ్లే ముందు వైరు కిందికి వంపు తిరిగి పైకెక్కేలా ఉంచండి, నీళ్లు జారినా వంపు దగ్గరే బొట్టయి పడిపోతాయి, సాకెట్లోకి పోవు. ఎక్స్‌టెన్షన్ బోర్డును నేల మీద, కుండీల పక్కన పెట్టొద్దు. నీళ్లు పోసే ముందు స్విచ్ ఆపడం అలవాటు చేసుకోండి. వెలిగించడం, ఆర్పడం టైమర్‌కు అప్పగించండి. 16 గంటలు వెలుగు, 8 గంటలు చీకటి. మిరపకు పూత కోసం పగలు తగ్గించాల్సిన పని లేదు, వయసొస్తే పూస్తుంది. త్వరగా ఎదుగుతుందని 24 గంటలూ వెలిగిస్తే మాత్రం ఆకులు పాలిపోయి వంకర తిరుగుతాయి.

విత్తడానికి తోట మట్టి తేవద్దు, పురుగులూ తెగుళ్లూ దానితోపాటే ఇంట్లోకి వస్తాయి. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) రెండు పాళ్లు, వర్మీకంపోస్ట్ ఒక పాలు, పెర్లైట్ (మట్టిని గుల్లగా ఉంచే తేలికైన తెల్లని గుళికలు) ఒక పాలు కలిపితే చాలు. 650 గ్రాముల కోకోపీట్ ఇటుక నానితే 8-9 లీటర్లవుతుంది. దాన్ని రెండు మూడుసార్లు మంచినీళ్లలో కడిగి పిండండి, లేకపోతే అందులోని ఉప్పు లేత వేళ్లను కాలుస్తుంది. విత్తనం అర సెంటీమీటరు లోతున వేసి, 25-30 డిగ్రీల వేడి ఉన్నచోట పెడితే 7 నుంచి 14 రోజుల్లో మొలుస్తుంది. 20 డిగ్రీల కన్నా బాగా తగ్గితే మూడు వారాలైనా కదలకపోవచ్చు, ఈలోగా విత్తనం చచ్చిందనుకుని చాలామంది తవ్వి చూస్తారు. తవ్వొద్దు. మొలక తల ఎత్తగానే, అదే రోజు, బల్బు కిందికి తేవాలి. రెండు రోజులు ఆలస్యమైతే సాగిన కాడ మళ్లీ పొట్టిది కాదు.

నారు దశలో ముంచేది నారుకుళ్లు. నిన్న నిటారుగా ఉన్న మొలక ఇవాళ పడిపోయి ఉంటుంది. దగ్గరగా చూస్తే ఆకులు ఇంకా పచ్చగానే ఉంటాయి, మట్టిని తాకే చోట మాత్రం కాడ నీరు పట్టి, గోధుమరంగు తిరిగి, నులిమినట్టు సన్నబడి ఉంటుంది. అది పడిందంటే లేవదు. నాలుగైదు రోజుల్లో పక్కవాటికీ పాకుతుంది. కారణం దాదాపు ఎప్పుడూ నీళ్లే: మట్టి పైపొర ఎప్పుడూ తడిగా ఉండడం, గాలి కదలకపోవడం, తేమ కోసం ట్రే మీద కప్పిన మూతను మొలిచాక కూడా తీయకపోవడం. పైపొర ఆరి రంగు తేలాక, ట్రేను పళ్లెంలో నీళ్లలో పది నిమిషాలు ఉంచి కింది నుంచి పీల్చుకోనివ్వండి, మిగిలిన నీళ్లు పారబోయండి.

మొలకతో వచ్చే మొదటి జత కాక అసలు ఆకులు రెండు జతలు వచ్చాక లీటరు నీటికి అర గ్రాము 19:19:19 ఎరువు (అంకెలు వరుసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు) కలిపి వారానికోసారి పోయవచ్చు. పెద్దయ్యాక ఒక గ్రాము. పూత మొదలయ్యాక దాని బదులు 13:0:45 ఒక గ్రాము. కోకోపీట్ కాల్షియంను పట్టేసుకుంటుంది, కాబట్టి రెండు వారాలకోసారి కాల్షియం నైట్రేట్ లీటరుకు అర గ్రాము విడిగా ఇవ్వండి. దీన్నీ 19:19:19నూ ఒకే డబ్బాలో చిక్కగా కలిపితే కాల్షియం, భాస్వరం ముద్దకట్టి అడుగున తెల్లగా పేరుకుంటాయి, మొక్కకు రెండూ అందవు. ఆకుల అంచులు గోధుమరంగులో ఎండుతుంటే ఎరువు ఎక్కువైందని అర్థం, వరుసగా రెండుసార్లు ఉత్త నీళ్లే పోయండి.

10 సెంటీమీటర్ల కుండీలో వేళ్లు నిండాక 20 సెంటీమీటర్ల దానికి మార్చండి. 45 సెంటీమీటర్ల చదరంలో నాలుగు కుండీలు పట్టేలా కనిపిస్తాయి గానీ రెండే పెట్టండి. ఆరేడు ఆకులు రాగానే కొస తుంచేస్తే పక్క కొమ్మలు లేచి, మొక్క బల్లపరుపుగా విచ్చుకుంటుంది. సీఎఫ్ఎల్‌కు కావాల్సిన ఆకారం అదే, కొసలన్నీ బల్బుకు ఒకే దూరంలో ఉంటాయి. తుంచినందుకు పూత ఒకటి రెండు వారాలు వెనక్కి వెళుతుంది, ఫర్వాలేదు.

ఇంట్లో గాలీ లేదు, తేనెటీగా లేదు. పూలు విచ్చాక రోజూ ఉదయం పూగుత్తి కాడను వేలితో రెండు మూడుసార్లు మెల్లగా మీటండి, పుప్పొడి రాలి కాయ కడుతుంది. అయినా పూత రాలుతుంటే గది వేడి చూడండి. పగలు 32-35 డిగ్రీలు దాటినా, రాత్రి బాగా ఉక్కగా ఉన్నా పూత నిలవదు. అలాంటి రోజుల్లో టైమర్‌ను తిప్పి, బల్బులు రాత్రిపూట వెలిగి మధ్యాహ్నం ఆరి ఉండేలా పెట్టడం చవకైన ఉపాయం.

ఆకు ముడుచుకుంటే ఎటు ముడుచుకుందో చూడాలి. అంచులు పైకి దోనెలా లేస్తే పై ముడత, తామర పురుగుల పని. కిందికి బోర్లించినట్టు వంగి, కాడ పొడవు సాగితే కింద ముడత, అది తెల్లనల్లి. నల్లి కంటికి కనిపించేది కాదు, అందుకే కొస చిగుర్లు బిరుసెక్కి చిన్నవవుతుంటే అదేనని అనుమానించాలి. దెబ్బతిన్న కొసలు తుంచి బయట పారేసి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల ద్రవసబ్బు కలిపి ఆకుల అడుగున తడిసేలా కొట్టండి. బల్బులు ఆర్పి, చల్లారాకే కొట్టాలి. వేడి ట్యూబు మీద చల్లని తుంపర పడితే పగలొచ్చు.

పగిలితే కంగారు వద్దు గానీ నిర్లక్ష్యమూ వద్దు, లోపల కొన్ని మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది. కిటికీలు తెరిచి, ఫ్యాన్ ఆపి, పది నిమిషాలు గది బయట ఉండండి. వాక్యూమ్ క్లీనర్ వాడొద్దు, ఆవిరిని గదంతా ఊదేస్తుంది. గట్టి అట్టముక్కతో పెంకులు ఎత్తి, పొడిని అంటుకునే టేపుతో తీసి, మూత బిగిసే సీసాలో వేసి ప్రమాదకర చెత్త తీసుకునే చోట ఇవ్వండి. ముక్కలు పడిన కుండీలోని పైమట్టినీ అలాగే తీసేయాలి, ఆ మొక్క కాయలు తినకపోవడం మంచిది.

వెలుగుతున్న బల్బు కూడా రోజురోజుకూ కొంత మసకబారుతూనే ఉంటుంది, కంటికి తెలియదు. రోజుకు 16 గంటల చొప్పున ఆరు నెలలకే సుమారు 2,900 గంటలు గడిచిపోతాయి. బిగించిన రోజే బల్బు అడుగున మార్కర్‌తో తేదీ రాయండి. ఏడాది దాటినవాటిని మధ్యలోంచి తీసి ఇంట్లో మామూలు దీపాలకు వాడుకుని, కొత్తవి మొక్కల పైకి తెచ్చుకోండి.