కరెంటు బిల్లు చూసి చేర్చుకునే బడి

మా అమ్మాయిని అమెరికాలోని ఈ ఊరి హైస్కూల్లో (ఇక్కడ తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా) చేర్చడానికి వెళ్లిన రోజున, ఆఫీసు కిటికీ వెనుక కూర్చున్న ఆవిడ మొదట అడిగినది పాత బడి మార్కుల పట్టికను కాదు, కరెంటు బిల్లును. దానితో పాటు ఇంటి అద్దె ఒప్పందం, టీకాల కాగితం చూపించాము. ప్రవేశ పరీక్ష లేదు, ఫీజు లేదు, ఎవరి సిఫారసూ అక్కర్లేదు. ఆ స్కూల్ డిస్ట్రిక్ట్ (జిల్లా కాదు, బడులను నడిపే స్థానిక ప్రాంతం) హద్దుల లోపల మేము నివసిస్తున్నామని రుజువైతే చాలు. బోర్డు మీద ‘పబ్లిక్ స్కూల్’ అని కనబడితే అది గట్టిగా ఫీజులు వసూలు చేసే ప్రైవేటు బడి అయి ఉంటుందని అనుకోవడం మనకు అలవాటు. అమెరికాలో ఆ మాటకు అక్షరాలా ప్రజల బడి అనే అర్థమని తెలిసి మొదట సంతోషించాను. ఆ ప్రజలు ఎవరన్నది ఇంటి చిరునామా తేలుస్తుందని ఆ తర్వాత నెమ్మదిగా తెలిసింది.

నాలుగేళ్లుగా సాయంత్రాలు ఆ బడి ముందు కారులో కూర్చుని, బ్యాండ్ సాధన ముగిసే దాకా ఆ కట్టడాన్ని చూస్తూ గడిపాను. నడుమ రాతి తోరణంతో ఎర్ర ఇటుకల పాత భాగం ఉంది. దానికి రెండు పక్కలా చదును కప్పుతో, వరుస కిటికీలతో, ఏ అలంకారమూ లేని ఒంటి అంతస్తు గదులు సాగిపోతాయి. వెనుక రెండో జిమ్ (కప్పు కింద ఆటలు ఆడుకునే హాలు) ఉంది. ముందు వైపు, వచ్చిన వారిని రెండు అద్దాల తలుపుల మధ్య నిలిపి ఉంచే చిన్న గది ఉంది. ఒకే చేతి మీద కట్టినది కాదని చూడగానే తెలుస్తుంది. ఎందుకిలా ఉందా అని చదవడం మొదలుపెట్టాక, ఈ దేశపు చదువుల చరిత్రలో చాలా భాగం ఆ గోడల్లోనే కనబడింది.

మొదటి ప్రభుత్వ హైస్కూలు 1821లో బోస్టన్‌లో తెరుచుకుంది. అయిదు వందల కుటుంబాలు ఉన్న ప్రతి ఊరూ ఒక హైస్కూలును నడపాలని మసాచుసెట్స్ రాష్ట్రం 1827లో చట్టం చేసింది. అయినా ఎదిగిన పిల్లల చదువుకు అందరి పన్నుల సొమ్మూ ఎందుకు ఖర్చు చేయాలన్న తగాదా చాలాకాలం తెగలేదు. మిషిగన్‌లోని కలమజూ పట్టణంలో కొందరు పన్నుదారులు ఇదే ప్రశ్నతో కోర్టుకెక్కితే, హైస్కూలు కోసం పన్ను వేసే అధికారం డిస్ట్రిక్టుకు ఉందని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 1874లో తీర్పు చెప్పింది. ఇతర రాష్ట్రాల కోర్టులూ ఆ దారినే నడిచాయి. 1910 ప్రాంతంలో ఆ వయసు పిల్లల్లో హైస్కూలు పూర్తి చేసేవారు నూటికి పదిమంది కూడా లేరు. 1940 నాటికి సగం మంది పూర్తి చేస్తున్నారు. ముప్పై ఏళ్లలో ఇంత మార్పు రావడం మామూలు విషయం కాదు. మా బడిలోని ఎర్ర ఇటుకల భాగం ఆ ఉత్సాహానికి గుర్తు. ఊళ్లో కోర్టు భవనం తర్వాత అంత శ్రద్ధగా కట్టినది అదొక్కటే.

పక్కన ఉన్న చదును కప్పుల గదులు తొందరలో కట్టినవి. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగి వచ్చిన సైనికులకు 1944 నాటి చట్టం ఇంటి రుణాలకు ప్రభుత్వ హామీ ఇచ్చింది. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో 1947లో మొదలైన లెవిట్‌టౌన్‌లో నాలుగేళ్లలోనే పదిహేడు వేలకు పైగా ఇళ్లు లేచాయి. అలాంటి శివారు ఊళ్లు దేశమంతటా పుట్టుకొచ్చాయి. ఇళ్ల వెంట పిల్లలు వచ్చారు, పిల్లల వెంట గదులు వచ్చాయి. షికాగో ఉత్తర శివార్లలోని న్యూ ట్రయర్ హైస్కూలు కథ దీనికి చక్కని ఉదాహరణ. 1901లో విన్నెట్కాలో మొదలైన ఆ బడికి పిల్లలు ఎక్కువై, 1965లో నార్త్‌ఫీల్డ్‌లో రెండో బడి తెరిచారు. ఆ తర్వాత పిల్లలు తగ్గిపోయి 1985లో దాన్ని మూసివేశారు. మళ్లీ సంఖ్య పెరిగాక అదే ప్రాంగణాన్ని మొదటి సంవత్సరం విద్యార్థులకు కేటాయించారు. బడి చరిత్ర అనగానే ప్రధానోపాధ్యాయుల పేర్ల వరుస గుర్తుకు వస్తుంది గాని, అందులో సగం పురుళ్ల లెక్కే.

ఈ కథలో చేదు భాగం కూడా ఉంది, దాన్ని దాటవేయడం నాకు ఇష్టం లేదు. లెవిట్‌టౌన్ తొలి ఒప్పంద పత్రాల్లో తెల్లవారు కానివారు ఆ ఇళ్లలో నివసించరాదనే షరతు ఉండేది. అటువంటి షరతులను కోర్టులు అమలు చేయరాదని 1948లోనూ, జాతిని బట్టి బడులను వేరుచేయడం రాజ్యాంగ విరుద్ధమని 1954లోనూ దేశపు సుప్రీంకోర్టు చెప్పింది. కాని అప్పటికే ఎవరి ఊళ్లు వారికి ఏర్పడిపోయాయి. డెట్రాయిట్ నగరపు బడులతో పాటు చుట్టుపక్కల యాభై మూడు శివారు డిస్ట్రిక్టులను కూడా కలిపి, నల్ల, తెల్ల పిల్లలు ఒకే బడుల్లో చదివేలా సర్దాలని కింది కోర్టు ఆదేశిస్తే, ఆ డిస్ట్రిక్టులు తప్పు చేశాయని రుజువు కానప్పుడు వాటిని ఇందులోకి లాగరాదని 1974లో సుప్రీంకోర్టు అయిదుగురు నలుగురుగా చీలి కొట్టివేసింది. అంతకు ముందు సంవత్సరమే, టెక్సస్ కేసులో, బడుల ఖర్చుకు స్థానిక ఆస్తి పన్ను మీద ఆధారపడడం వల్ల డిస్ట్రిక్టుల మధ్య వచ్చే తేడా రాజ్యాంగ విరుద్ధం కాదని అదే చీలికతో తీర్పు వచ్చింది. హద్దు గీతకు ఈ రెండు తీర్పులూ కంచె వేశాయనే నేను అనుకుంటాను. మేము ఇల్లు వెతికేటప్పుడు బడి రేటింగు చూసి, అద్దె ఎక్కువైనా ఈ వైపుకే వచ్చాము. అంటే ఆ కంచె వల్ల లాభపడినవారిలో మేమూ ఉన్నాము.

ఇక లోపలి జీవితం. నాకు అన్నింటికన్నా వింతగా తోచినది ‘మా సెక్షన్’ అనేది లేకపోవడం. తరగతి గదిలో పిల్లలు కూర్చుని ఉండగా మాస్టార్లు వచ్చిపోవడం కాదు. మాస్టారు తన గదిలో ఉంటారు, గంట మోగగానే బడి మొత్తం కదులుతుంది. అయిదు నిమిషాల్లో లాకరు తెరిచి, పుస్తకం మార్చి, అవతలి చివర గదికి చేరుకోవాలి. పద్నాలుగేళ్ల పిల్ల లెక్కల్లో తనకన్నా రెండేళ్లు పెద్దవారి మధ్యన, చరిత్రలో తన ఈడువారి మధ్యన కూర్చోవచ్చు. సంవత్సరానికి నూట ఇరవై గంటల పాఠాన్ని ఒక యూనిట్‌గా లెక్కించే కార్నెగీ పద్ధతి 1906 నుంచి ఉన్నది. ఒక్కో సబ్జెక్టు పూర్తి చేస్తూ క్రెడిట్లు కూడబెట్టుకునే నేటి లెక్కకు మూలం అదే. ఈ స్వేచ్ఛకు ఒక వెల ఉంది. రోజంతా వెంట ఉండే నలభై మంది జట్టు లేకపోవడంతో, భోజనాల గదిలో ఏ బల్ల దగ్గర కూర్చోవాలన్నదే కొత్త పిల్లలకు పెద్ద పరీక్ష అవుతుంది. మా అమ్మాయి మొదటి మూడు వారాలు లైబ్రరీలోనే డబ్బా విప్పుకుని తిన్నదని ఏడాది తర్వాత గాని మాకు చెప్పలేదు.

ఆమెకు జట్టు దొరికినది మార్చింగ్ బ్యాండులో. బడి తెరవక ముందే, ఆగస్టు ఎండలో, క్లారినెట్ పట్టుకుని తారు నేల మీద గీసిన గీతల వెంట అడుగులు లెక్కపెట్టుకుంటూ నడవడం నేర్పించారు. శుక్రవారం రాత్రి అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలో విరామ సమయాన వాళ్లకు దక్కేది కొద్ది నిమిషాలు మాత్రమే. దాని కోసం నెలల తరబడి సాధన చేస్తారు. ఆట నాకు ఇప్పటికీ సరిగ్గా అర్థం కాదు. ఊళ్లో సగం మంది ఆ మెట్ల మీదనే ఉంటారు, వారిలో చాలామంది ఈ బడి పాత విద్యార్థులే.

వెనుక ఉన్న రెండో జిమ్‌కు కారణం 1972 నాటి చట్టం. ప్రభుత్వ సొమ్ము తీసుకునే విద్యాసంస్థలు ఆడపిల్ల, మగపిల్లవాడు అనే భేదం చూపరాదని చెప్పిన ఆ చట్టం ఆటలకూ వర్తించింది. అంతకు ముందు దేశంలోని హైస్కూళ్లలో ఆటల జట్లలో ఉన్న ఆడపిల్లలు మూడు లక్షల లోపే; ఇప్పుడు ముప్పై లక్షలు దాటారు. అంతమంది అమ్మాయిలు ఆడడం మొదలుపెడితే ఒక్క జిమ్ ఎలా సరిపోతుంది?

వియత్నాం యుద్ధానికి నిరసనగా చేతికి నల్ల పట్టీ కట్టుకుని వచ్చినందుకు అయోవాలోని డి మోయిన్ నగరంలో కొందరు విద్యార్థులను 1965లో బడి నుంచి పంపివేశారు. పాఠాలకు ఆటంకం కలిగించనంత వరకు మనసులో మాట చెప్పే హక్కు బడి గేటు దగ్గర ఆగిపోదని 1969లో సుప్రీంకోర్టు తేల్చింది. మా బడిలో ఆహారం నాణ్యత మీద పిల్లలు పోస్టర్లు అతికించినప్పుడు, వాటిని తీయించబోయిన ఒక ఉపాధ్యాయుడికి పదిహేనేళ్ల కుర్రవాడు ఈ తీర్పు సంగతి గుర్తు చేశాడట. ఇంట్లో మా అమ్మాయి ఆ వాదన నా మీద కూడా ప్రయోగించింది.

అద్దాల తలుపుల గది అన్నిటికన్నా కొత్తది. 1999 ఏప్రిల్‌లో కొలరాడోలోని కొలంబైన్ హైస్కూల్లో, అంటే ఇలాంటి శివారు బడిలోనే, జరిగిన కాల్పుల తర్వాత ఇటువంటి ఏర్పాట్లు దేశమంతటా పెరిగాయి. సంవత్సరంలో కొన్నిసార్లు దీపాలు ఆర్పి, తలుపు గడియ వేసి, పిల్లలను గది మూలన నిశ్శబ్దంగా కూర్చోబెడతారు. అగ్నిప్రమాదపు డ్రిల్లు గురించి చెప్పినంత మామూలుగా మా అమ్మాయి దాని గురించి చెప్పింది. నేను మళ్లీ అడగలేదు.

ఈ జూన్‌లో ఆమె చదువు ముగిసింది. బ్యాండ్ దుస్తులు ఉతికించి అప్పగించి, లాకరు ఖాళీ చేసి, ఒక సంచి కాగితాలతో ఇంటికి వచ్చింది. మా వీధిలో అదే వారం రెండు ఇళ్ల ముందు ‘అమ్మకానికి’ అనే బోర్డులు లేచాయి. రెండు ఇళ్లలోనూ ఆఖరి పిల్లలు మా అమ్మాయితో పాటే బడి పూర్తి చేశారు, ఇక ఇంత ఆస్తి పన్ను ఎందుకని వాళ్ల లెక్క. అందులో ఒకటి కొనడానికి మొన్న ఒక కుటుంబం వచ్చింది. ఇల్లు చూడక ముందే ఆ తండ్రి కంచె అవతల నుంచి నన్ను పిలిచి, ఈ చిరునామా ఏ హైస్కూలు కిందకు వస్తుందండీ అని అడిగాడు.