ఐస్ షోకి అమ్మమ్మనీ తీసుకెళ్ళండి

ఊరూరా తిరిగే ఐస్ స్కేటింగ్ షో మీ దగ్గరికొచ్చిందా? పిల్లల కోసం టికెట్లు చూస్తున్నారా? ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మో నాన్నమ్మో ఇంట్లో ఉంటే ఆవిడకీ ఒకటి తీసుకోండి. "నాకు ఆ ఇంగ్లీషు ఏం తెలుస్తుంది, మీరు వెళ్ళి రండి" అంటారు. వినకండి. సాధారణంగా ఈ షోల్లో స్కేటర్లు మాట్లాడరు. మాటలూ పాటలూ ముందే రికార్డు చేసి ఉంటాయి. వాటికి తగ్గట్టు వాళ్ళు చేతులతో, తలతో, ఒళ్ళంతటితో అభినయిస్తారు. అంత పెద్ద స్టేడియంలో చివరి వరసకి కూడా అందాలి కాబట్టి కోపమైనా సంతోషమైనా పెద్దది చేసి చూపిస్తారు. భాష రాకపోయినా కథ తెలిసిపోతుంది.

మా అమ్మనీ అలాగే బతిమాలి తీసుకెళ్ళాను. మా పాపకి అయిదేళ్ళు. తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు ఇంగ్లీషులోనే వస్తుంది. తెలుగు క్లాసు నుంచి రాగానే "ఏం నేర్పించారే బంగారం?" అని అమ్మ అడిగితే "నథింగ్" అని లోపలికి పరుగు. అలాంటిది షో మొదలైన దగ్గర్నుంచి అమ్మమ్మ మోచెయ్యి వదల్లేదు. కథ తనకి తెలుసు, అమ్మమ్మకి తెలియదు. చెప్పకుండా ఎలా ఉంటుంది? "అమ్మమ్మా, ఆమె బ్యాడ్. ఇప్పుడు అక్క వస్తాడు, చూడు!" అంది. సరిదిద్దబోయిన నన్ను అమ్మ చేత్తో ఆపి, "వస్తాడా? ఎటు నుంచి వస్తాడు?" అని అడిగింది. ఇక ఆగలేదు ఆ పిల్ల.

పండగలూ పద్యాలూ పిల్లలకి కావాలి, కాదనను. కానీ వాళ్ళకి ప్రాణం లేచొచ్చే సంగతులన్నీ ఇంగ్లీషుకి వదిలేసి, తెలుగుకి "బూట్లు విప్పు, పాలు తాగు, పడుకో" మాత్రం మిగిలిస్తే, ఆ భాషలో వాళ్ళకి చెప్పుకోవడానికి ఏముంటుంది? ఐస్ షో మన సంస్కృతి కాదని పక్కన పెట్టే తల్లిదండ్రులకి నేను చెప్పేది ఇదే: వెళ్ళండి, వెళ్ళి దాని గురించి తెలుగులో మాట్లాడండి.

మాట్లాడడానికి బోలెడంత ఉంది. స్కేటు కింది బ్లేడు కత్తిలా ఒకే పదునుతో ఉండదు. మధ్యలో సన్నని గాడి, దానికి అటూ ఇటూ రెండు అంచులు. ఏ అంచు మీద ఒరిగితే అటు వంపు తిరుగుతారు. ఈ మాట చెప్పగానే అమ్మ, "అయితే కూచిపూడి తరంగమేగా! ఇత్తడి పళ్ళెం అంచుల మీద పాదాలు ఆన్చి కదిలించినట్టు" అంది. పాపకి ఒక ఆట కూడా పెట్టాను. స్కేటింగ్ పోటీల్లోని ముఖ్యమైన గెంతుల్లో ఆక్సెల్ అనేది ఒక్కటే ముందుకి చూస్తూ ఎగిరేది. నార్వే స్కేటర్ ఆక్సెల్ పాల్సెన్ 1882లో చేసి చూపించాడు కాబట్టి ఆ పేరు. తక్కినవన్నీ వెనక్కి జారుతూ ఎగిరేవే. ఎవరు ఎగరబోయినా "ముందుకి!" "వెనక్కి!" అని మా వరసలో ఇద్దరూ పోటీ పడి అరిచారు.

విరామంలో ఎవరూ లేచి వెళ్ళకండి. మంచు బాగుచేసే బండి అప్పుడే వస్తుంది. ఫ్రాంక్ జాంబోనీ 1949లో తయారుచేసిన యంత్రం. గీతలు పడిన పైపొరని చెక్కి, ఆ తురుముని ఎత్తుకుని, వెనక వేడినీళ్ళు పరుస్తూ పోతుంది. "మంచు మీద వేణ్ణీళ్ళా?" అని అమ్మ ఆశ్చర్యపోయింది. పైపొర కాస్త కరిగితేనే కొత్త నీళ్ళు దానితో కలిసి గడ్డకడతాయి. అదే నేను పాపకి ఇంగ్లీషులో చెప్పి, నువ్వు అమ్మమ్మకి చెప్పు అన్నాను. "హాట్ వాటర్ పోస్తే మంచు కరిగి, మళ్ళీ గట్టిగా అవుతుంది అమ్మమ్మా" అని ఒక్క ఊపులో చెప్పేసింది.

"ఏడాదంతా ఇలా ఊళ్ళు తిరగడమేనా వీళ్ళ పని?" అని అమ్మ అడిగింది. చాలామందికి ఇది పోటీల తర్వాత మొదలయ్యే పని అని, నార్వే స్కేటర్ సోన్యా హెనీ సంగతి చెప్పాను. 1928, 1932, 1936 ఒలింపిక్స్‌లో బంగారు పతకాలు తెచ్చుకుని, ఆ తర్వాత పోటీలు మానేసి ఐస్ షోలకి వచ్చింది. ఇప్పటికీ ఈ బృందాల్లో చిన్నప్పటి నుంచి పోటీలకి సాధన చేసినవాళ్ళే ఎక్కువ.

సీట్ల విషయం. మరీ ముందు వరస వద్దు, కాస్త పైన కూర్చుంటేనే మంచు మీద వాళ్ళు తిరిగే గుండ్రాలూ వరసలూ కనబడతాయి. లోపల చలి, పెద్దవాళ్ళకి మోకాళ్ళ మీద కప్పడానికి శాలువా ఉంచుకోండి. శబ్దానికి బెదిరే పిల్లలుంటే చెవులకి రక్షణ పెట్టండి.

ఇప్పుడు పాప స్కేటింగ్ నేర్చుకుంటోంది. ముందుగా నేర్పించేది పడడమే: మోకాళ్ళు వంచి, పక్కకి ఒరిగి పడాలి. తర్వాత మోకాళ్ళ మీదికి వచ్చి, ఒక కాలు ముందు పెట్టి లేవాలి. ఫోన్‌లో అమ్మమ్మకి ఇదంతా హాల్లో తివాచీ మీద పడి మరీ చూపిస్తోంది.

"ఆ ముందుకి ఎగిరేది ఎప్పుడు చేస్తావే?" అని అమ్మ అడిగింది.

"ఆగు అమ్మమ్మా, ఫస్ట్ పడడం రావాలి!"