వస్తున్నాం లింగమయ్యా

సలేశ్వరం లింగమయ్య దర్శనం ఏడాదికి ఒక్కసారే, చైత్ర పౌర్ణమికి అటూ ఇటూ కొద్ది రోజులు. మిగతా కాలం దారి మూసే ఉంటుంది. నల్లమలలో, అమ్రాబాద్ టైగర్ రిజర్వు లోపల కదా మరి.

అచ్చంపేట నుంచి మన్ననూరు మీదుగా పొద్దున్నే బయల్దేరాం. ఆ శ్రీశైలం రోడ్డు మీద రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లను వదలరు. ఫర్హాబాద్ గేటు దగ్గర సంచులన్నీ వెతికి ప్లాస్టిక్ తీసేసుకున్నారు. పెద్దమ్మ రొట్టెలు పెట్టుకున్న కవరు కూడా పోయింది.

"దేవుని దగ్గరికి పోతుంటే గీ సోదాలేందిరా?" అని గుడ్లురిమింది.

గేటు కాడి చెంచు పిల్లగాడు నవ్వాడు. "గా కవరు జింక తింటది అవ్వా."

రొట్టెలు కొంగులో మూటగట్టుకుని ఇక ఏమీ అనలేదు.

రాంపూర్ పెంట అనే చెంచుల గూడెం దగ్గర దిగి నడక. పోయేవాళ్లు "వస్తున్నాం లింగమయ్యా" అంటుంటే, వచ్చేవాళ్లు "పోతున్నాం లింగమయ్యా" అని కేకలు. లోయలోకి దిగే చోట ముందున్న మనిషి భుజం పట్టుకుంటే గానీ కాలు నిలవదు. పైన ఎండ మాడుస్తుంటే, అడుగున గుండం నీళ్లకు పళ్లు కటకటలాడాయి. అంత ఎండాకాలంలోనూ బండ మీది నుంచి ధార పడుతూనే ఉంది. గుహలో లింగానికి పూజ చెంచులదే.

2019లో ఈ అడవిలోనే యురేనియం కోసం తవ్వి చూస్తామంటే చెంచులూ చుట్టుపక్కల ఊళ్లూ రోడ్డెక్కాయి. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ వద్దని తీర్మానం చేసింది. పులుల అడవి అన్న సర్కారు ముద్ర ఆ కొట్లాటకు ఆసరా అయిందనే నేను నమ్ముతాను. అందుకే గేటు దగ్గర ఎంత టైం పట్టినా నాకు కోపం రాదు.

కానీ అదే ముద్ర చెంచుల మెడకు చుట్టుకుంటోంది. తిరుగుదారిలో నీడన కూర్చున్నప్పుడు ఒక చెంచు పెద్దాయనతో మాట కలిసింది.

"మమ్ముల బయటికి పొమ్మంటున్నరు. మేం పోతే లింగమయ్యను ఎవరు చూసుకుంటరు?" అన్నాడు.

గ్రామసభ ఒప్పుకోనిదే కదపొద్దని 2006 అటవీ హక్కుల చట్టం ఉందని చెప్పబోయాను. ఆయనకు నాకన్నా బాగానే తెలుసు.

"అందుకే సంతకం పెట్టలే," అని చుట్ట వెలిగించబోయి, అడవిలో ఎండుటాకులు చూసి మళ్లీ రొండిన దోపుకున్నాడు.