రెటీనా పది పొరలు: నేను చదివిన పద్ధతి

నీట్ పీజీకి చదువుతున్న ఫ్రెండ్స్ కోసం ఇది రాస్తున్నా. రెటీనా (కంటి వెనక కాంతిని పట్టే పల్చటి కణజాలం) పొరల్ని బట్టీ పట్టకండి, రెండో రివిజన్‌కే వరస తారుమారవుతుంది. ముందు మూడు న్యూరాన్లు పట్టుకోండి: ఫొటోరిసెప్టర్ (కాంతిని పట్టే రాడ్స్, కోన్స్), బైపోలార్, గాంగ్లియాన్. వీటి కేంద్రకాలున్న చోట ఔటర్ న్యూక్లియర్, ఇన్నర్ న్యూక్లియర్, గాంగ్లియాన్ సెల్ లేయర్లు, ఒకదానితో ఒకటి సినాప్స్ అయ్యే చోట రెండు ప్లెక్సిఫార్మ్ లేయర్లు, ఐదు వచ్చేశాయి. బయటివైపు రాడ్స్, కోన్స్ పొర, దాని వెనక ఆర్‌పీఈ (రెటినల్ పిగ్మెంట్ ఎపిథీలియం), లోపలివైపు నర్వ్ ఫైబర్ లేయర్. మిగిలినవి రెండు లిమిటింగ్ మెంబ్రేన్లు. వాటిలో ఎక్స్‌టర్నల్‌ది నిజానికి మెంబ్రేనే కాదు, ముల్లర్ కణాలు (రెటీనాకి ఆధారంగా ఉండే కణాలు) ఫొటోరిసెప్టర్లతో కలిసే జంక్షన్ల వరస.

నాకు ఈ టాపిక్ మీద ఇష్టం పుట్టింది మాత్రం హెమరేజ్‌ల దగ్గర. నర్వ్ ఫైబర్ లేయర్‌లో ఫైబర్లు ఉపరితలానికి సమాంతరంగా సాగుతాయి కాబట్టి అక్కడ కారిన రక్తం వాటి వెంటే పాకి ఫ్లేమ్ ఆకారంలో కనిపిస్తుంది, అదే ఇన్నర్ న్యూక్లియర్ లేయర్ దాకా లోతుకి వెళ్తే కణాలు నిలువుగా, దగ్గరదగ్గరగా ఉంటాయి, రక్తం పక్కలకి పోలేక డాట్, బ్లాట్‌గా మిగులుతుంది. ఫండస్ (కంటి లోపలి వెనకభాగం) ఫొటో ఇచ్చి ఏ పొర అని అడిగితే ఇక ఆలోచించక్కర్లేదు. మాక్యులాలో నక్షత్రంలా కనిపించే మాక్యులర్ స్టార్ కూడా అంతే, ఫోవియా (మాక్యులా మధ్యలోని గుంట) చుట్టూ కిరణాల్లా పరుచుకున్న హెన్లే ఫైబర్ల (ఫొటోరిసెప్టర్ల ఆక్సాన్లు) మధ్య ఎగ్జుడేట్లు (రక్తనాళాల నుంచి కారి పేరుకున్న పదార్థం) చేరడం వల్లే ఆ ఆకారం.

బ్లడ్ సప్లై తప్పకుండా చూడండి. లోపలి పొరలకి సెంట్రల్ రెటినల్ ఆర్టరీ, బయటి పొరలకి కోరియోక్యాపిల్లారిస్ (రెటీనా వెనకున్న కోరాయిడ్‌లోని సన్నటి రక్తనాళాల వల). ఆర్టరీ మూసుకుపోతే లోపలి పొరలు వాచి రెటీనా తెల్లబడుతుంది, ఫోవియా మధ్యలో ఆ పొరలే లేవు కాబట్టి వెనకున్న ఎరుపు అలాగే కనిపిస్తుంది, చెర్రీ రెడ్ స్పాట్ అంటే ఇదే. రెటినల్ డిటాచ్‌మెంట్‌లో (రెటీనా ఊడడంలో) రెటీనా మొత్తం ఊడిరాదు, ఆర్‌పీఈ అక్కడే ఉండిపోయి మిగతా తొమ్మిది పొరలు విడిపోతాయి, ఎందుకంటే పిండదశలో ఆప్టిక్ కప్ రెండు గోడల్లో బయటిది ఆర్‌పీఈగా, లోపలిది మిగతా రెటీనాగా మారుతుంది.

ఓసీటీ (రెటీనా అడ్డకోతను చూపే స్కాన్) ఇమేజ్‌లో పైన ఉండేది విట్రియస్ (కంటి లోపలి జెల్లీ) వైపు. న్యూక్లియర్ లేయర్లు నల్లగా, ప్లెక్సిఫార్మ్, నర్వ్ ఫైబర్ లేయర్లు తెల్లగా వస్తాయి. పేర్లు లేని ఇమేజ్ ఒకటి తీసుకుని పొరలన్నీ మీరే రాసి చూసుకోండి, ఆ తర్వాతే ఎంసీక్యూలకి వెళ్లండి.