ట్రాపీ గుడిలో తీరిన మొక్కుబడి

అమ్మాయి కాన్పు కష్టమవుతుందని డాక్టర్లు చెప్పిన రాత్రే మొక్కుకున్నాను. తల్లీబిడ్డా క్షేమంగా ఉంటే, అమెరికాలో పెన్సిల్వేనియాలోని ట్రాపీ ఊళ్లో, లూథరన్ క్రైస్తవుల పాత గుడిలో మోకరించి కృతజ్ఞత కానుక వేస్తానని. ప్రభువు విన్నాడు. పసివాడు మెడ నిలపగానే అల్లుడు కారు తీశాడు.

మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842లో గుంటూరు వచ్చారని మన లూథరన్ సంఘాల్లో చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఆయన్ని పంపిన పెన్సిల్వేనియా సినడ్‌ను, అంటే అక్కడి లూథరన్ సంఘాల కూటమిని, 1748లో మొదలుపెట్టింది హెన్రీ ముహ్లెన్‌బర్గ్ పాస్టరుగారు. ఆయన అమెరికాలో అడుగుపెట్టింది 1742లో, హయ్యర్ గుంటూరు రావడానికి సరిగ్గా నూరేళ్ల ముందు! ఆయన సమాధి ఈ గుడి వెనకాలే ఉంది, పక్కనే పెద్దకొడుకు పీటర్‌ది.

నా మనసు మాత్రం ఈ ఊళ్లోనే 1750లో పుట్టిన ఇంకో కొడుకు ఫ్రెడరిక్ మీద ఉంది. పీటర్ పాస్టరుగా ఉంటూ బ్రిటిష్ వాళ్లతో పోరాడే అమెరికా సైన్యంలో చేరితే, అది సేవకుడి పనికాదని అన్నని గట్టిగా మందలించాడు. 1776లో బ్రిటిష్ సైన్యం వస్తోందని ఫ్రెడరిక్ న్యూయార్క్‌లో తన సంఘాన్ని వదిలి రావలసి వచ్చింది. తర్వాత తనే పాస్టరు పని మానేసి అమెరికా చట్టసభ కాంగ్రెస్‌కి వెళ్లాడు. 1789లో ప్రతినిధుల సభకు మొదటి స్పీకర్ అయ్యాడు. పిలుపుని కాదని పదవికి పోయాడని కొందరు తేలిగ్గా అంటారు, నాకది మింగుడుపడదు. 1796లో బ్రిటన్‌తో చేసుకున్న, చాలామందికి నచ్చని జే ఒప్పందం అమలుకి నిధులివ్వాలా వద్దా అని సభ కమిటీలో ఓట్లు సమానంగా చీలాయి. కమిటీ అధ్యక్షుడిగా ఈయన ఇవ్వాలనే వైపు ఓటేశాడు. ఆ కోపంతో సొంత బావమరిదే కత్తితో పొడిచాడు. తర్వాతి ఎన్నికల్లో సీటూ పోయింది. పదవి కోసమే వచ్చినవాడు అలా ఓటేస్తాడా?

గుడి 1743 నాటిది, రాతి గోడలు. లోపల ఒకటే జనం! ఏదో బస్సులో దిగిన గుంపు, ప్రసంగ వేదిక దగ్గర వంతులవారీగా ఫోటోలు, గట్టిగా నవ్వులు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో గాయపడిన సైనికుల్ని పడుకోబెట్టిన చోటు ఇది. మోకరించడానికి జాగా లేదు, ఉన్నా నా మోకాళ్లు ఆ గచ్చు మీద వంగలేదు. కళ్లనీళ్లు వచ్చేశాయి.

గుడి చూసుకునే ముసలావిడ నన్ను గమనించింది. గుంపుని బయటికి పంపి, తన ఉన్ని కోటు విప్పి నాలుగు మడతలు పెట్టి నేలమీద పరిచింది. నేను వద్దంటున్నా వినకుండా భుజం పట్టి కూర్చోబెట్టింది. కోటు గుండీ ఒకటి మోకాలికి గుచ్చుకుంటే మళ్లీ వంగి సర్దింది. తెలుగులోనే ప్రార్థన చేసుకున్నాను, అమ్మాయి పేరు, పసివాడి పేరు చెప్పి. ఆవిడ పక్కనే నిలబడి చివర్లో ఆమేన్ అంది.

కానుక కవరు ఆవిడ చేతికే ఇచ్చాను. గుంటూరు అనగానే హయ్యర్ పేరు ఆవిడే ఎత్తింది! ఫ్రెడరిక్ సమాధి మాత్రం లాంకాస్టర్‌లో ఉందట. బాబు కాస్త పెద్దయ్యాక అక్కడికీ తీసుకెళ్తానని అల్లుడు మాటిచ్చాడు.