పవర్ టెస్టు చెప్పిన నా బలం

సన్నగా ఉంటాను కాబట్టి మా హైదరాబాద్ సైక్లింగ్ గ్రూపులో అందరూ నన్ను క్లైంబర్, అంటే ఎత్తులు బాగా ఎక్కేవాడు, అనేవాళ్లు. కానీ అనంతగిరి ఘాట్‌లో చివరిదాకా ముందువాళ్లతో నిలవడం నాకు కష్టంగానే ఉండేది. రేసులో నేను దేనికి పనికొస్తానో తేల్చుకుందామని పవర్ టెస్టులు మొదలుపెట్టాను.

5 సెకన్లు, 1 నిమిషం, 5 నిమిషాలు, 20 నిమిషాలు. ఒక్కో వ్యవధిలో ఎన్ని వాట్స్ సగటు నిలబెట్టగలమో చూడాలి. ఆ అంకెను (20 నిమిషాలదైతే అందులో 95 శాతాన్ని) ఒంటి బరువుతో భాగించి, వ్యాయామ శాస్త్రవేత్త ఆండ్రూ కాగన్ తయారుచేసిన పట్టికలో చూసుకుంటే, మిగతా రేసర్లతో పోలిస్తే మనం ఎక్కడున్నామో తెలుస్తుంది. ఆడవాళ్లకు, మగవాళ్లకు పట్టికలు వేరు.

అన్నీ ఒకే రోజు పెట్టుకోలేదు. 5 సెకన్ల స్ప్రింటు, నిమిషం టెస్టు ఒక ఉదయం. కాళ్లు తేరుకున్నాక మిగతా రెండూ, ఎండ రాకముందే, నార్సింగి నుంచి కొల్లూరు వైపు వెళ్లే సైకిల్ ట్రాక్ మీద. ప్రతిసారీ వాట్స్ కొలిచే అదే పవర్ మీటర్, బయలుదేరే ముందు జీరో ఆఫ్‌సెట్, అంటే బరువేమీ లేనప్పుడు మీటర్‌ను సున్నాకు సరిచేయడం. ఇంట్లో సైకిల్ బిగించి తొక్కే ట్రైనర్ యంత్రం చూపించే వాట్స్, పెడల్‌లోని పవర్ మీటర్ చూపించేవి కలవకపోవచ్చు, రెండూ కలిపితే పోలికకు అర్థం ఉండదు.

అన్నిటికంటే కఠినమైనది 20 నిమిషాలది. దానికి ముందు 5 నిమిషాలు పూర్తి బలంతో తొక్కి, కాసేపు నెమ్మదిగా తిప్పాలి. చాలామంది ఇది వదిలేస్తారు. కానీ తాజా కాళ్లలో ఉండే అదనపు ఊపును అది కొంత ఖర్చు చేయిస్తుంది. అలా తొక్కిన 20 నిమిషాల సగటులో 95 శాతాన్ని ఎఫ్‌టీపీగా, అంటే దాదాపు గంటసేపు నిలబెట్టగల శక్తిగా తీసుకుంటారు. మొదటి నిమిషాల్లో ఆవేశపడకుండా ఆపుకోవడమే పెద్ద పని. చివరికొచ్చేసరికి అంకె కూడా సరిగా కనిపించలేదు.

నా బరువు 68 కేజీలు. 5 సెకన్లకు 1,150 వాట్స్, నిమిషానికి 610, 5 నిమిషాలకు 295. 20 నిమిషాలకు 240, అంటే ఎఫ్‌టీపీ 228, కేజీకి 3.35. పట్టికలో నా నిమిషం అంకె కేజీకి దాదాపు 9 వాట్స్‌తో మిగతావాటికంటే స్పష్టంగా పై వరుసలో ఉంది. అది చూసి నాకెంత సంతోషమో! పొడవాటి ఘాట్‌లో ఎందుకు వెనకబడతానో, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మావాళ్లు నా వెనక చక్రాన్ని అంటిపెట్టుకుని ఎందుకు రాలేరో ఒక్కసారిగా అర్థమైంది.

ఇప్పుడు రేసులో గాలికి ఎదురెళ్లను, గుంపు మధ్యలో దాక్కుంటాను. అందరూ చివరి 200 మీటర్ల కోసం చూస్తుంటే, నేను ముగింపు గీతకు 700 మీటర్ల ముందే, వీలైతే చిన్న ఎత్తు మీద, ఒక్కసారిగా వేగం అందుకుంటాను. అక్కడిదాకా అలసిపోకుండా చేరాలంటే ఎఫ్‌టీపీ పెరగాలి కాబట్టి, వారంలో ఎక్కువ సాధన దానికే ఇస్తున్నాను.